సీసాలక్క నెత్తురు

నెత్తురు పరీక్షకు వాడే బంగారు పూత పట్టీలు పన్నెండు కడిగి ఆరబెట్టాలి. ఆప్టమర్ కొత్త సీసా విప్పి కరిగించాలి. ఆసుపత్రి ల్యాబు నుంచి పోల్చుకోవడానికి అంకెలు తెప్పించాలి. సీసాలక్క నెత్తురు తీయాలి. సీసాలక్కకు ఆ మాట చెప్పాలి.

ప్రతి సోమవారం ఆ పరిశోధక విద్యార్థి జేబు పుస్తకంలో ఇవే పనులు రాసుకునేవాడు. మొదటి నాలుగూ వారం తిరిగేలోపు అయిపోయేవి. ఐదోది మాత్రం చెక్కుచెదరకుండా పై వారంలోకి ఎక్కి కూర్చునేది.

సీసాలక్క నేలమాళిగలో ల్యాబు సీసాలూ గాజుసామానూ కడుగుతుంది. పొద్దు పొడవకముందే వచ్చి, పొద్దు గూకాక వెళ్ళడం. పంతొమ్మిదేళ్ళుగా అదే వరస. ఇంట్లో డిగ్రీ మొహం చూసిన మొదటివాడు అతనేనని తెలిశాక ఆవిడ అతన్ని "డాక్టరు తమ్ముడూ" అని పిలవడం మొదలుపెట్టింది.

"ఇంకా కాలేదక్కా."

"అవుతావులే. ఇంతకీ ఆ నీళ్ళలో ఏముంది, అంత భద్రంగా దాస్తావు?"

"సన్నటి డీఎన్‌ఏ పోగులు. ఆప్టమర్ అంటారు. విటమిన్ డి తగిలితే చాలు, మడతపడి దాన్ని పట్టేసుకుంటాయి. అప్పుడు పట్టీలో కరెంటు మారుతుంది. ఆ మార్పుని బట్టి ఒంట్లో ఎంతుందో చెప్పొచ్చు."

"మా ఆయనలాంటిదన్నమాట. కంచం చప్పుడు తగిలితే తప్ప కదలడు!"

అతను తయారుచేస్తున్న ఆ పరికరానికి ఉన్న చిక్కల్లా ఒకటే. నెత్తురులో విటమిన్ డి ఒంటరిగా తిరగదు, ఒక ప్రొటీను చంకెక్కి తిరుగుతుంది. దాన్ని కిందికి దించి కొలవాలి. బాగా ఉన్నవాళ్ళ దగ్గర అంకె సరిగ్గానే వచ్చేది. లోపం ఉన్నచోటే తడబడేది. దాన్ని సరిదిద్దాలంటే నిజంగా అడుగంటిన నెత్తురు కావాలి. ల్యాబులో అందరూ తలా ఒక గొట్టం నెత్తురు ఇచ్చారు. ఆసుపత్రి పరీక్షలో, కనీసం ఇరవై ఉండాల్సినచోట సీసాలక్కకి ఆరు వచ్చింది.

"బంగారం దొరికింది!" అంది ప్రొఫెసరమ్మ. అతనూ అందరితోపాటు చప్పట్లు కొట్టాడు. ఆ తర్వాతే అతనికి గుర్తొచ్చింది, అది ఒక మనిషి ఒళ్ళని.

"ఆవిడకి చెప్పేద్దామా మేడమ్?"

"చెప్తే రేపే మాత్రలు మొదలెడుతుంది. అంకె పెరిగిపోతుంది. మళ్ళీ ఇలాంటి నెత్తురు ఎక్కడ వెతుకుతావు? మూడు నెలలాగు. మూడు నెలల్లో ఎముకలేం కరిగిపోవు."

అతను ఆగాడు. ఎదురు చెప్పడం ఇంట్లో ఎవరూ నేర్పలేదు మరి.

రెండో నెలలో సీసాలక్క మెట్ల కమ్మీ పట్టుకుని ఎక్కడం చూశాడు. తొడలు లాగుతున్నాయంది. చెయ్యి చాపి, సూది గుచ్చించుకుంటూ అడిగింది.

"ఇన్నిసార్లు తీస్తున్నావు కదా తమ్ముడూ, నా నెత్తురులో తేడా ఏమన్నా ఉందా?"

దొంగకు తేలు కుట్టినట్టయింది. "బాగానే ఉందక్కా," అన్నాడు.

మూడో నెల చివర పరికరం ఆరు అని చూపింది. ఆసుపత్రి యంత్రమూ ఆరే అంది. ప్రొఫెసరమ్మ అతని వీపు తట్టింది. అతను తిన్నగా మందుల షాపుకు పోయి, వారానికొకటి వేసుకునే మాత్రల అట్ట కొన్నాడు. తిరిగొచ్చేసరికి మెట్ల కింద సీసాల పెంకులు ఊడుస్తున్నారు. సీసాలక్క పడిపోయిందట. తుంటి విరిగిందట. గోటితో పోయేది గొడ్డలిదాకా వచ్చింది.

ఆపరేషనైన మూడో రోజు మంచం పక్కన నిలబడి, అట్ట చేతిలో పెట్టి, అంతా చెప్పేశాడు. ఆవిడ అట్ట తిప్పి వెనక అక్షరాలు చూసింది.

"అంటే నేనడిగిన రోజుకే నీకు తెలుసు."

"తెలుసక్కా."

"మూడు నెలలు మాత్రలు వేసుకోకక్కా, నాకు పనుంది అని ఒక్క మాటంటే, ఆగేదాన్ని కదరా. నీకోసం ఆగేదాన్ని. అడగాలనే అనిపించలేదా నీకు?"

ఆవిడ దుప్పటి సర్దుకుని అటు తిరిగింది.

"పొద్దుపోతోంది. వెళ్ళిరండి సారూ."

అతన్ని ఆవిడ 'సారూ' అనడం అదే మొదలు. ఆ తర్వాత తమ్ముడూ అని ఎప్పుడూ పిలవలేదు. ఊతకర్రతో ఎప్పుడైనా ఎదురైతే, దారిచ్చి పక్కకు నిలబడేది.

అతను డాక్టరయ్యాడు. పరిశోధన వ్యాసంలో ఆవిడ పేరు లేదు, "ఏడో నమూనా" అని ఉంది. ఇప్పుడు ఆ పరికరం అరచేతిలో పట్టేంత చిన్నదైంది. వేలి చివర ఒక్క చుక్క చాలు, లోపముంటే ఎర్ర గీత చూపుతుంది. ఆ గీత ఎక్కడ గీయాలో చెప్పింది సీసాలక్క నెత్తురే. రేపు మీ చుక్క ఆ పట్టీ మీద పడ్డప్పుడు, మీ అంకె మీకు వెంటనే చెప్తారు. అప్పుడొక్కసారి, తన అంకె తనకు చెప్పకపోయినా చెయ్యి చాపుతూనే ఉన్న ఆ మనిషిని తలుచుకోండి.