పైన ఆరింది, లోపల పచ్చి

కొత్తగా కడుతున్న భవనంలో రోజూ పొద్దున్నే ఆమె గోడపలకల మధ్య సందుల్లో దుమ్ము దులిపి, ప్రైమర్ రాసి, అడుగున నురగతాడు దూర్చి, పైన గన్‌తో పాలీయురెథేన్ సీలెంట్ ఎక్కించేది. అది ఆరేదాకా అక్కడ ఎవరూ నోరు మెదిపేవారు కాదు. గాలిలో తేమ తాగి రబ్బరులా గట్టిపడే సరుకది. తేమతోపాటు మాటలూ తాగుతుంది. ఎండకు గోడలు ఉబ్బి సందు బిగిసినప్పుడు తాగిందంతా కక్కుతుంది. వెనకటి భవనంలో ఓ మేస్త్రీ తుమ్ము ఇప్పటికీ మధ్యాహ్నాలు వినిపిస్తుంది. అందుకే పచ్చి సీలెంట్ దగ్గర కూలీలు సైగలతోనే పోట్లాడుకునేవారు.

కిందటేడు ఇదే పనిలో, ఎత్తున గోడకు వేలాడదీసిన ఊయల తాడు తెగి ఆమె భర్త పడి చనిపోయాడు. తాగి పడ్డాడని కాంట్రాక్టర్ ఊరంతా చాటాడు. చుక్క ముట్టని మనిషి మీద ఎంత మాట! అత్తగారు అది నమ్మి కొడుకు ఫొటోను గోడవైపు తిప్పేసింది. ఆమెకు అదే కడుపుమంట. పగ దిగమింగుకుని ఆ కాంట్రాక్టర్ కిందే పనిలో ఉండిపోయింది.

ముఖద్వారం పక్క సందు నింపిన సాయంత్రం అతనొచ్చాడు.

"ఆరిందా?"

"ముట్టుకుని చూడండి."

వేలు పెట్టాడు. అంటలేదు. పైన తోలు కట్టిందంతే, లోపలింకా పచ్చి. గన్ పట్టి ఎరగని అతనికి ఆ తేడా తెలియదు. ఆమె చెప్పలేదు.

"మా ఆయన నిజంగా తాగే పడ్డాడా అండీ?"

అటూ ఇటూ చూశాడు. "తాడు పాతదని మొత్తుకుంటూనే ఉన్నాడు. నేనే బలవంతాన ఎక్కించాను. తాగాడనకపోతే నా మెడకు చుట్టుకునేది. చెప్పుకో, నిన్ను నమ్మేదెవరు?"

"నేనెవరికీ చెప్పనండీ," అంది. మాట మీద నిలబడింది కూడా.

ప్రారంభోత్సవానికి అత్తగారిని వెంటబెట్టుకొచ్చింది. మిట్టమధ్యాహ్నం కాంట్రాక్టర్ మైకందుకున్నాడు. "ఈ జాయింట్లు చీలవు, ఊడవు. ఇరవై ఏళ్లు గ్యారంటీ నాది."

చప్పట్లు ఆగేసరికి ఎండకు ముఖద్వారం పక్క సందు బిగిసింది. అతని గొంతే గోడలోంచి మొదలైంది. పాత తాడు, బలవంతం, మెడకు చుట్టుకోవడం, ఒక్క ముక్క పొల్లుపోలేదు. గోడ మాట్లాడిందని ఎవరూ ఆశ్చర్యపోలేదు. అందరూ అతని మొహంలోకి చూశారు. భవనం యజమాని పోలీసులకు ఫోన్ చేస్తుంటే అతను చాకు తెచ్చి సందులో పొడిచాడు. సీలెంట్ సాగింది గాని గోడను వదల్లేదు.

అత్తగారు కూలబడి ఏడ్చింది. చాలాసేపటికి కళ్లు తుడుచుకుని అడిగింది.

"మళ్లీ వినొచ్చా అమ్మాయ్?"

"రోజూ మధ్యాహ్నం వినొచ్చు అత్తమ్మా. ఇరవై ఏళ్లు గ్యారంటీ. ఆ కాంట్రాక్టరే ఇచ్చాడుగా."