రాజీ మచ్చ

షేర్ ఆటోలో నలుగురి మధ్య ఇరుక్కుని కూర్చున్నా శ్రీరాములు చెయ్యి జేబులోకి పోవడం మానలేదు. ఫోను తీస్తాడు, యాప్ తెరుస్తాడు, ఆ అర్ధచంద్రం మీద ముల్లు ఎక్కడుందో చూస్తాడు, మళ్లీ జేబులో పడేస్తాడు. క్రెడిట్ స్కోరు నెలకో మాటు తప్ప మారదని అతనికి తెలుసు. తెలిసినా, పొయ్యి మీద పాలు పెట్టినవాడిలా తొంగిచూస్తూనే ఉంటాడు. ముల్లు ఎరుపు దాటి పసుపులోకి వచ్చి, అక్కడే చతికిలబడింది. పక్కాయన మెడ సాచేసరికి శ్రీరాములు ఫోను బోర్లించాడు. స్కోరు కూడా బనియను లాంటిదే, చిరుగులుంటే నలుగురికీ చూపించుకోం.

ఘాజియాబాద్ వసుంధరలో ఎక్కి నోయిడాలో దిగాలి. మార్చి నెలాఖరు. ఎండ ఇంకా ముదరలేదు గానీ దుమ్ము అప్పుడే తయారైంది. శ్రీరాములుకి నలభై ఆరేళ్లు. జుట్టు నడినెత్తి దాకా వెనక్కి తగ్గింది, గడ్డం కింద చర్మం వదులైంది, కుడి చెవి రోజంతా హెడ్‌సెట్ కింద నలిగి ఎప్పుడూ ఎర్రగా ఉంటుంది. చొక్కా ఇస్త్రీ మాత్రం నలగదు. అది భార్య హైమవతి పట్టుదల. ఇవాళ అతను ఇంకొక్క రాజీ కుదర్చగలిగితే చాలు, మొగుడూ పెళ్లాల బతుకు ఒక ఒడ్డున పడుతుంది. ఆ ఒక్కటీ దాదాపు ఖాయమైనట్టే. అందుకే ఇంత కంగారు. ఖాయమైన పనే ఆఖర్న చెడుతుందని అతని అనుభవం.

అతని పని, కార్డు బిల్లు ఎగ్గొట్టినవాళ్లకి ఫోన్లు చెయ్యడం. బ్యాంకు కాదు, బ్యాంకు తరఫున వసూలు చేసే ఏజెన్సీ. తెలుగువాడికి తెలుగువాడే ఫోన్ చేస్తే డబ్బు తొందరగా రాలుతుందని కనిపెట్టిన మహానుభావుడెవరో గానీ, ఆ హాల్లో తమిళానికో వరస, బెంగాలీకో వరస, తెలుగుకో వరస. సొంత పేరు వాడకూడదు. తణుకులో అమ్మానాన్నా పెట్టిన పేరు గేటు దగ్గర వదిలేసి, లోపలికి వెళ్లి భరద్వాజ్ అవుతాడు. ఏడాదిన్నరగా ఇదే.

అంతకుముందు కథ అంత గొప్పదేం కాదు. సివిల్స్ రాస్తానని కుర్రతనంలో ఢిల్లీ వచ్చాడు. కటవారియా సరాయ్‌లో గది, కరోల్ బాగ్‌లో కోచింగ్. పరీక్ష అతన్ని వద్దనుకుంది, అతను ఢిల్లీని వద్దనుకోలేకపోయాడు. అదే కోచింగ్ సెంటర్లో నోట్సు ముద్రించి అమ్మే గదికి గుమస్తా అయ్యాడు. పెళ్లి చేసుకున్నాడు. బంధువులకీ, ఊరివాళ్లకీ, ఊరివాళ్ల వియ్యంకులకీ 'మన ఢిల్లీ శ్రీరాములు' అయ్యాడు. ఎవరొచ్చినా హోటలు గది, ఆగ్రా కారు, చలికోట్లు. నీ కార్డు గీకెయ్యి బాబూ, ఇంటికెళ్లగానే పంపించేస్తాం అనేవారు. గీకాడు. ఇంటికెళ్లినవాళ్లు ఇంటికెళ్లారు, ఇతను అడగలేకపోయాడు. మొహమాటానికి పోతే ఏమవుతుందో చెప్పే సామెత ఒకటుంది, దాని రెండో సగం ఇక్కడ రాస్తే బాగుండదు. కార్డు అంచుదాకా నిండింది. ఆ పైన నోట్సులన్నీ ఫోన్లలోకి వచ్చేసి ప్రింటు గది మూతపడింది.

అప్పుడు ఎవరో అమ్మాయి ఫోన్ చేసి, సగం కట్టండి, సెటిల్‌మెంట్ చేసేస్తాం అంది. శ్రీరాములు పొంగిపోయాడు. వాళ్ల వైపు అప్పు తగాదా వస్తే పెద్దమనుషులు కూర్చుంటారు. ఇంత తగ్గించుకోవయ్యా, ఇంత ఇచ్చుకోవయ్యా అంటారు. డబ్బు అక్కడికక్కడ చేతులు మారుతుంది, ప్రోనోటు అందరి ముందూ చింపేస్తారు, ఇద్దరూ కలిసి టీ తాగి ఎవరింటికి వాళ్లు పోతారు. ఆ తరవాత ఆ ఊసెత్తినవాడిదే తప్పు. ఇదీ అలాంటిదే అనుకుని, హైమవతి గాజులు అమ్మి కట్టేసి, కార్డు రెండు ముక్కలుగా కత్తిరించి, పావుకిలో కలాకంద్ కొనుక్కుని ఇంటికెళ్లాడు.

ఈ ఏజెన్సీలో చేరి శిక్షణకి కూర్చున్నప్పుడు తెలిసింది అసలు సంగతి. క్రెడిట్ రిపోర్టులో పూర్తిగా కట్టినవాడి పేరు పక్కన 'క్లోజ్‌డ్' అని రాస్తారట. రాజీ పడ్డవాడికి 'సెటిల్డ్' అని రాస్తారట. ఆ మాట కనపడితే ఏళ్ల తరబడి ఏ బ్యాంకూ గుమ్మం ఎక్కనివ్వదట. మిగతా సగం కూడా కడితేనే అది చెరుపుతారట. ఊళ్లో పెద్దరికం అనిపించుకునే పని ఇక్కడ మచ్చ! ఆ మధ్యాహ్నం అతనికి అన్నం సహించలేదు.

అప్పట్నుంచీ ఆ మిగతా సగం వాయిదాల మీద కడుతున్నాడు. ఆఖరి వాయిదాకి గడువు ఇవాళ రాత్రి. అది దాటితే బ్యాంకు ఇచ్చిన ఒప్పందం రద్దు. ఇటు చూస్తే హైమవతి ఇడ్లీ పిండి రుబ్బి అపార్టుమెంట్లలో తెలుగు, తమిళ ఇళ్లకి అమ్ముతుంది. ఆ గ్రైండర్ మోత, గచ్చంతా నీళ్లు పడలేక అద్దె ఇంటావిడ హోలీ వెళ్లగానే తేల్చేసింది, గ్రైండరైనా పోవాలి, మీరైనా పోవాలి అని. సందు చివర అరోరా గారి కొట్టు ఖాళీగా ఉంది. దానికి లోను కావాలి, లోనుకి మచ్చ పోవాలి. ఆఖరి వాయిదా కట్టిన మెసేజ్ చూపిస్తే లోనొచ్చేదాకా ఆగుతానన్నది అరోరాయే, ఈ సాయంత్రానికి చూపించకపోతే మోమోలవాడికి ఇచ్చేస్తానన్నదీ అరోరాయే. నెలాఖరు రోజు టార్గెట్ దాటినవాళ్లకి ఏజెన్సీ సాయంత్రమే ఇన్సెంటివ్ చేతిలో పెడుతుంది. శ్రీరాములు టార్గెట్‌కి ఇంకొక్క రాజీ తక్కువ. తన మచ్చ చెరుపుకోవాలంటే ఇంకొకడికి అదే మచ్చ పెట్టాలన్నమాట. ఈ ముక్క అతనికి తోచలేదని కాదు. తోచినప్పుడల్లా టీకి లేచేవాడు.

ఆ ఇంకొకడు మండపేట పద్మనాభం. షామియానా సప్లై కంపెనీ. పెళ్లిళ్ల సీజనని కార్డు మీద కుర్చీలూ గుండిగలూ కొన్నాడు. వానలు పెళ్లిళ్లని ముంచాయి, వడ్డీ అతన్ని ముంచింది. మొదట్లో భరద్వాజ్‌ని నోటికొచ్చినట్టు తిట్టాడు. తరవాత ఆ గొంతులో గోదావరి యాస పట్టుకుని మెత్తబడ్డాడు. నాలుగు నెలలు మాట్లాడగా మాట్లాడగా సగానికి ఒప్పుకున్నాడు. ఇవాళ కడతానన్నాడు.

పొద్దుట్నుంచీ ఫోన్ ఎత్తడే! శ్రీరాములు కాలు బల్ల కింద ఆగకుండా ఊగుతోంది. నీళ్లు తాగాడు, తాగినందుకు లేవాల్సొచ్చింది, లేచిన పాపానికి ఈలోగా ఫోన్ వస్తుందేమోనని సగం తడి చేతులతో పరిగెత్తుకొచ్చాడు. టీమ్ లీడర్ దీపు రెండుసార్లు వచ్చి వెనక నిలబడ్డాడు. పాతికేళ్లవాడు. అంకుల్ జీ అని గౌరవంగానే పిలుస్తాడు, గౌరవంగానే ప్రాణం తీస్తాడు.

హాలు సగం భోజనాలకి లేచిపోయాక పద్మనాభం దొరికాడు.

"భరద్వాజ్ గారూ, మా ఆవిడ గొలుసు పెట్టి తెచ్చానండి. డబ్బు చేతిలోనే ఉంది, లింకు పంపితే కొట్టేస్తాను. మీరు పెద్దమనిషిలా మధ్యనున్నారు కాబట్టి ఒక్కమాట అడుగుతానండి. ఇది కట్టేశాక నా పేరు మీద మచ్చేమీ ఉండదు కదా? పైనెల ట్రాలీ ఆటోకి లోను పెడదామనుకుంటున్నాను."

దీనికి ఏం చెప్పాలో కాగితం మీద రాసిచ్చారు. శ్రీరాములు అదే చెప్పాడు. "అకౌంటు క్లోజ్ అయిపోతుందండీ."

"అది కాదండి నేనడిగేది. మచ్చ ఉంటదా, ఉండదా?"

ఉండదు అనడానికే నోరు తెరిచాడు. నిజంగా అందుకే తెరిచాడు. ఇన్నాళ్లూ అడిగినవాళ్లందరికీ అటూ ఇటూ కాకుండా ఏదో ఒకటి చెప్పి గట్టెక్కినవాడే. ఇంత సూటిగా, తన ఊరి మాటల్లో, తాను ఆ రోజు అడగవలసి ఉండీ అడగని ప్రశ్న ఎవరూ అడగలేదు.

"ఉంటుందండీ," అన్నాడు. "సగం కట్టి రాజీ పడ్డాడని రాసిపెడతారు. ఏళ్లు ఉంటుంది. ఆటోకి కాదు, సైకిలుకి కూడా లోనివ్వరు. వెళ్లి గొలుసు విడిపించుకోండి. మొత్తం బాకీ వాయిదాల మీద కడతానని బ్యాంకు వాళ్లకే రాసివ్వండి."



"మరి నాలుగు నెలల్నుంచీ ఈ మాట ఎందుకు చెప్పలేదండి?"

శ్రీరాములు హెడ్‌సెట్ ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్నాడు. పద్మనాభం ఫోన్ పెట్టేశాడు.

మంచిపని చేశానన్న తృప్తి లాంటిదేమీ కలగలేదు. ఎంత పని చేశావురా వెధవా అని తనని తాను తిట్టుకుంటూ వరసపెట్టి నంబర్లు నొక్కాడు. నెల్లూరు, ఖమ్మం, ఆదోని. ఒకాయన నిద్రపోతున్నానన్నాడు, ఒకావిడ ఈ నంబరు మాది కాదంది. ఆ కంగారులో ఒకరికి తన అసలు పేరు చెప్పి నాలిక్కరుచుకున్నాడు. టిఫిన్ డబ్బా అలాగే ఉండిపోయింది. ఎవరో ఒకరు దొరక్కపోతారా అనుకున్నాడు గానీ, ఎవరూ దొరకలేదు.

పొద్దు వాలే వేళకి దీపు అద్దాల గదిలోకి పిలిచాడు. డబ్బు ఇంకా రాలేదేమని మండపేటకి తనే ఫోన్ చేశాడట. పద్మనాభం తనకొచ్చిన హిందీ అంతా కూడగట్టుకుని, మీ భరద్వాజ్ సాబ్ చాలా మంచోడు, కట్టొద్దని తనే చెప్పాడు, అలాంటి మనిషికి జీతం పెంచండి అన్నాడట. పాపం, కోపం చల్లారాక మేలు చేసినవాడికి నాలుగు మంచి మాటలు చెబుదామనుకున్నాడు.

"అంకుల్ జీ, వో ఆప్‌కీ తారీఫ్ కర్ రహా థా," అన్నాడు దీపు. మిమ్మల్ని మెచ్చుకుంటున్నాడండీ అని. కేకలు వెయ్యలేదు. బల్ల మీద గీతలు గీస్తూ, ఐడీ కార్డు ఇచ్చి వెళ్లమన్నాడు. లెక్క ఏదైనా మిగిలి ఉంటే ఖాతాలో వేస్తారట. శ్రీరాములు మెడలోంచి కార్డు తీస్తే తాడు ఎర్రబడ్డ చెవికి తగులుకుని కాస్త తంటా పెట్టింది. ఎవరూ తలెత్తి చూడలేదు. నెలాఖరు, ఎవరి ఫోన్లు వాళ్లవి.

ఆటో దిగి ఇంటికి కాకుండా సందు చివరికి నడిచాడు. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని చెప్పాలి? అరోరా గారి కొట్టులో లైటు వెలుగుతోంది. తుడుచుకుంటామని అడిగి హైమవతి పొద్దున్నే తాళం తీసుకుంది. కరెంటు సరిపోతుందో లేదో చూడాలని గ్రైండర్ కూడా రిక్షాలో తెచ్చేసింది. పొట్టి మనిషి, కొంగు బొడ్లో దోపుకుని ఉంది. ఏళ్ల తరబడి పప్పు కడిగి కడిగి వేళ్ల కొసలు తెల్లగా పాలిపోయి ఉంటాయి. గోడకి మేకు కొట్టి తెలుగు క్యాలెండరు తగిలించింది. అది ఢిల్లీలో అంత తేలిగ్గా దొరికే వస్తువు కాదు. గ్రైండర్ తిరుగుతోంది, ఉత్తదే, నీళ్లు పోసి తిప్పుతోంది. అతని మొహం చూసి స్విచ్ కట్టేసింది.

నిలబడే అంతా చెప్పాడు. ఆమె గుడ్డతో గట్టు తుడుస్తూ వింది. తుడిచిన చోటే తుడుస్తోంది.

"ఉండదని చెప్పెయ్యలేకపోయారా?"

"చెబుదామనే అనుకున్నాను హైమా."

"మనకి ఫోన్ చేసిన ఆ పిల్ల మచ్చ మాట దాచి సెటిల్‌మెంట్ అని చెప్పేసిందిగా. దానికేం నోరు పడిపోలేదుగా." బోర్లించిన బకెట్ మీద కూలబడింది. ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు. "ఊరందరి మీదా మీకు జాలేనండీ. నా మీద తప్ప."

ఆ మాట నిజమో కాదో అతనికే తెలియలేదు. కాదని చెప్పడానికి ఇన్నేళ్లలో చేసిన పని ఒక్కటీ చప్పున గుర్తురాలేదు. ఆమె పక్కన నేల మీద కూర్చున్నాడు. ఇస్త్రీ చొక్కా గోడ సున్నానికి ఆనుకుంటే ఆమె అలవాటు కొద్దీ భుజం పట్టి ముందుకి జరిపింది.

అరోరా వచ్చాడు. మెసేజ్ ఉందా అని అడగబోయి, ఇద్దర్నీ చూసి అడగలేదు. కోయీ బాత్ నహీ, పర్లేదులే అని నెమ్మదిగా అంటూ తాళంచెవికి చెయ్యి చాపాడు. హైమవతి కళ్లు తుడుచుకుని లేచి, రిక్షా పిలవండి అంది. ఇద్దరూ చెరో పక్కా పట్టి గ్రైండర్‌ని ఈ-రిక్షాలోకి ఎక్కించారు. ఇంటావిడకి ఏం చెప్పాలి, రేపట్నుంచి ఏం తినాలి అన్నది ఇద్దరూ ఎత్తలేదు. గుంతల్లో బండి ఊగినప్పుడల్లా ఆమె గ్రైండర్‌ని పొదివి పట్టుకుంటోంది.

మలుపు తిరిగాక అడిగింది.

"మండపేటావిడకి గొలుసు వచ్చేసి ఉంటుందంటారా?"

"ఇవాళే పెట్టారుగా. విడిపించుకునే ఉంటారు."

ఆమె తల ఊపింది. కాసేపటికి క్యాలెండరు మర్చిపోయామన్నాడు. వెనక్కి వెళ్లి తెస్తానన్నాడు. వద్దు, ఉండనివ్వండి, అంది.

షట్టరు దించిన కొట్టులో, చీకట్లో, తుడిచిన గోడకి ఆ క్యాలెండరు మార్చి పేజీతో వేలాడుతూ ఉండిపోయింది.