రాకబిల్లీ ఖాదర్

శుభవార్త వచ్చేసరికి ఖాదర్ హుస్సేన్ అరబ్బులు తొడిగే పొడుగంగీ, కందూరా కాలరు మీద నీళ్లు చిలకరిస్తున్నాడు. ‘మీ పాత పాటలు రికార్డుగా వేస్తున్నాం’ అని ఫోన్లో మెసేజ్. చదివి, ఫోను బోర్లించి పెట్టాడు.

గల్ఫ్‌లో, రోలాలోని ఆ ఇస్త్రీ దుకాణంలో ఇద్దరికీ ఫోనంటే అనుమానమే. పక్క బల్ల దగ్గరి ఫర్దీన్, కడప మనిషి, నిరుడు లాటరీ తగిలిందన్న గొంతును నమ్మి నిండా మునిగాడు.

“ముందు తీపి మాటలు, ఆనక ఓటీపీ. నమ్మొద్దు చిచ్చా.”

ఖాదర్‌కు అరవై దగ్గర పడ్డాయి. పల్చబడిన జుట్టును ఇప్పటికీ నూనె రాసి, నుదుటి మీద అలలా లేపి దువ్వుతాడు. నెల్లూరు నుంచి వచ్చిన కొత్తలో ఫుజైరాలో, ఓడల వాళ్లు దిగే హోటల్లో సర్వరు. ఒక నావికుడు నేర్పితే రాకబిల్లీ పట్టుబడింది. గిటారు గుర్రంలా పరిగెడుతుంటే, గొంతు మధ్యమధ్య ఎక్కిళ్లు పెట్టే పాత అమెరికా పాట అది. రెండేళ్లు శుక్రవారాలు పాడాడు. నాలుగు పాటలు క్యాసెట్‌కెక్కాయి. హోటల్ మూతపడింది. ఆ తర్వాత ముప్పై ఏళ్లు ఇస్త్రీ పెట్టె.

ఫోన్ మోగింది.

“నేను మాహిరా, అంకుల్. హైదరాబాద్ వాళ్లం. అల్ ఖూజ్‌లో మాది పాత రికార్డుల షాపు. ఖాదర్ హుస్సేన్ గారున్నారా?”

ఇలాంటి ఫోన్లకు ఆ దుకాణంలో ఒకటే జవాబు.

“ఆయన పోయాడమ్మా. కరోనాలో. ఖలాస్.”

ఫర్దీన్ బొటనవేలెత్తి మెచ్చుకున్నాడు. “అయ్యో” అంది అవతలి గొంతు. ఇక అసలు సంగతికొస్తుందిలే అనుకున్నాడు ఖాదర్.

“పోయిన నెల మా షాదీ అయింది అంకుల్. ఆయన పాటకే డాన్స్ చేసినం. రెండో చరణంలో ఆయనకు నిజంగనే పొలమారుతది. మా ఆయన, నేను రోజూ ఆడికొచ్చి నవ్వుకుంటం. ఆ ముచ్చట చెప్పాలనుకున్న, అంతే.”

పెట్టేసింది. ఏమీ అడగలేదు. అదే మరీ అనుమానంగా ఉంది. కానీ పొలమారింది నిజం. పాడబోయే ముందు వంటగదిలో హడావుడిగా నోట్లో కుక్కుకున్న సమోసా. ఆ క్యాసెట్ వినని వాళ్లకు తెలిసే దారే లేదు.

సాయంత్రం అదే నంబరు నుంచి ఫోన్‌కు పోస్టరు వచ్చింది. క్యాసెట్ అట్ట మీది పాతికేళ్ల ఖాదర్, చేతిలో గిటారు, ఒంటి మీద అరువు కోటు. కింద ‘కీర్తిశేషులు ఖాదర్ హుస్సేన్ స్మృతిలో సంతాపసభ. రేపు సాయంత్రం ఐదింటికి, షాపులోనే’ అని ఉంది. ఫొటోను వేళ్లతో పెద్దది చేశాడు. సర్వరు ప్యాంటు మీద టీ మరక కనిపించింది. మరక తనదే.

రెండుసార్లు నంబరు నొక్కి, మోగకముందే ఆపేశాడు. చచ్చాడన్న నోటితోనే నేనే ఖాదర్నంటే, అదీ మోసమేననుకోదూ?

“రేపు మధ్యాహ్నం నుంచి నువ్వే చూసుకోరా ఫర్దీన్. నేను అల్ ఖూజ్ పోతుండా.”

“వల వేస్తాండారు చిచ్చా! ఆడ ఏమన్నా అడిగితే?”

“చచ్చినోడి దగ్గర ఏముంటాదిరా?” ఖాదర్ మొదటిసారి నవ్వాడు. “నేనేనని నమ్మకపోతే పాడి చూపిస్తా. రేపు ఐదింటికి, నా సంతాపసభలో నేనే పాడతా.”