మూడు గంటల నీళ్లు

వడమాలపేట హైస్కూల్లో లెక్కలు చెప్పే కృపామణి ఆ రోజు పాఠ్యపుస్తకం మూసేసి, "మీ ఇంట్లో లెక్కొకటి చెప్పండి" అంది. ఎనిమిదో తరగతి కోమలి లేచింది.

"మా నాయనకీ పెదనాయనకీ ఒకటే బోరు మేడం. రోజుకు తొమ్మిది గంటలు కరెంటు. పెదనాయన చేను మా చేనికి రెండింతలు. ఎవురికెన్ని గంటలు రావల్ల?"

"మీ గంటలు x అనుకో."

కోమలి బోర్డు మీద x, 2x కలిపి తొమ్మిది అని రాసింది. మూడు x లు తొమ్మిదైతే, x మూడు.

"మాకు ఒక గంటే ఇస్తాడు మేడం."

కృపామణి నవ్వి, ఇంకో లెక్కకు పోయింది.

ఆ సాయంత్రమే కోమలి లెక్క నాయనకు చూపించింది. తెల్లారి బోరు దగ్గర అన్నదమ్ములిద్దరూ కలబడ్డారు. ప్రార్థన ముగిసే వేళకు పెదనాయన చెంగయ్య పార పట్టుకుని బడి గేటు తోసుకొచ్చాడు. చొక్కా నిండా తమ్ముడి నెత్తురు.

"మా వాళ్లకు లెక్క నేర్పిన పంతులమ్మ యాడుండాది?"

"నేనే. ఏమైందండీ?"

పార కర్ర ఆమె కుడి మోచేతి మీద పడింది. ఎముక విరిగింది. కింద పడ్డాక వీపు మీద ఇంకో దెబ్బ.

"మూడు గంటలు కావల్లంట! ఇచ్చినాను వానికి, బోరుకాడే!"

పిల్లలు చెల్లాచెదురయ్యారు. కోమలి మాత్రం ఎదురొచ్చి అతని మణికట్టు కొరికి పట్టుకుంది. చెంగయ్య ఆమెను గోడకేసి కొట్టాడు. నోట్లోంచి నెత్తురు కారుతున్నా ఆమె వదల్లేదు. వంటమనిషి సంతోషమ్మ పొగలు కక్కే రాగిజావ అతని భుజాల మీద కుమ్మరించింది. అప్పుడు పార జారిపోయింది.

తిరుపతి ఆసుపత్రిలో కృపామణి చేతికి కట్టు కట్టారు. కోమలి నాయన మునిశేఖర్ తలకు పదకొండు కుట్లు పడ్డాయి. కోమలి ముందు పళ్లు రెండు ఊడాయి.

"నేను అడగకుండా ఉండాల్సింది మేడం."

"నీదేం తప్పు లేదు. ఒక గంటే ఇస్తాడని నువ్వు చెప్పినావు. నేనే పట్టించుకోలేదు."

"లెక్క కరెక్టే కదా?"

"కరెక్టే."

చెంగయ్యను జైల్లో పెట్టారు. గొడవలో పగిలిన బోరు మోటారు స్టార్టరు బాగుచేసేవాళ్లు లేక రెండు చేలూ ఎండిపోసాగాయి. నెల తర్వాత అతని భార్య చంద్రకాంతమ్మ బడికొచ్చింది.

"కొత్త స్టార్టరు బిగించినాము మేడం. ఎవురికెన్ని గంటలో రాసియ్యి. నేనూ తోడికోడలూ ఏలిముద్రలేస్తాము."

కృపామణి ఎడమచేత్తో వంకరటింకరగా రాసింది: ఆరు, మూడు.

చంద్రకాంతమ్మ కాగితం నడుముకు దోపుకుని లేచింది. "ఆయనకు శుక్రవారం బెయిలంట. అంతలోపల రెండు చేలూ తడపల్ల."