వెల్ల వేయని గది

టక్... టక్... టక్.

ఆ తరువాత ఒక ఊపిరి.

మళ్లీ — టక్... టక్... టక్.

గోడ లోపలినుంచి వస్తోంది ఆ చప్పుడు. కొండ లోపలినుంచి. పొయ్యి మీద వెల్లుల్లి వేయిస్తున్న అంపారో గరిటె ఆపి వింటోంది. మూడు దెబ్బలు, ఒక ఊపిరి. ఆ వరస ఆమెకు కంఠతా వచ్చు. నలభై ఒక్క ఏళ్లుగా ఆ పికాసు పట్టిన చేతి పక్కనే పడుకుంటోంది మరి.

ఎలాదియో తవ్వుతున్నాడు.

ఆరేళ్ల కిందట పికాసును తలుపు వెనక నిలబెట్టి, ఇక నా భుజం పని అయిపోయిందన్న మనిషి. పై అరలోంచి ఉప్పు జాడీ దించమంటే మూలిగే మనిషి.

తవ్వుతున్నాడు. పక్కింట్లో. పరాయి ఆడమనిషికి.

వెల్లుల్లి మాడింది. అంపారో దాన్ని అలాగే రొట్టెపొడిలో కలిపేసింది. తినేవాడు ఎలాగూ రుచి చూసి తినే స్థితిలో లేడు.

ఈ వాడలో ఇళ్లు కట్టరు, తవ్వుతారు. కొండకు ఒక గుమ్మం. గుమ్మం వెనక గది, గది వెనక ఇంకో గది. బిడ్డ పుడితే మరో గది. పైన గడ్డిలోంచి పొగగొట్టాలు మాత్రం తెల్లగా తలలెత్తి చూస్తుంటాయి. ఎండాకాలం లోపల చల్లగా, చలికాలం వెచ్చగా ఉంటుంది. మగవాడు తవ్వుతాడు. ఆడది వెల్ల వేస్తుంది. ఎవరు చెప్పారంటే ఎవరూ చెప్పలేదు. అమ్మ వేసింది, అమ్మమ్మ వేసింది. ఏటా మే నెలలో శిలువ పండుగకు ముందు కొండంతా సున్నం వాసన వేయాలి.

పక్కిల్లు ముసలి నికాసియాది. ఆమె పోయాక పదకొండేళ్లు తలుపు తెరిచిన దిక్కు లేదు. పోయిన అక్టోబరులో మారెన్ అనే ఆవిడ డెన్మార్క్ నుంచి ఎండకోసమని వచ్చింది. చుట్టూ ఇంత ఎండ పెట్టుకుని, ఆ చీకటింట్లోకి దూరింది. లోపల గోడ మీద అరచేయి ఆనించి చాలాసేపు నిలబడిందట. మర్నాడే కొనేసింది.

ఇక్కడ పుట్టినవాళ్లెవరూ గోడ మీద అరచేయి ఆనించరు. సున్నం అంటుకుంటుంది.

యాభై ఎనిమిదేళ్ల మనిషి మారెన్. ఒంటరిది. ఇంట్లో చెప్పులు లేకుండా తిరుగుతుంది. నవ్వితే కళ్ల దగ్గర ముడతలు పడతాయి, వాటిని దాచుకోదు. అంపారోకు ఆ ముడతలంటేనే ముందు ఒళ్లు మండింది.

పుస్తకాలకు వెనక ఒక గది కావాలంది మారెన్. కొండ ఎలా ఉందో చూసి చెప్పి వస్తానని వెళ్లాడు ఎలాదియో. ఒక్క పూట అన్నాడు. సాయంత్రం మీసాల్లో దాల్చినచెక్క వాసనతో వచ్చాడు.

"ఆకలి లేదు. ఆమె ఏదో తీపి రొట్టె పెట్టింది," అన్నాడు.

మర్నాడు పొద్దున తలుపు వెనకనుంచి పికాసు తీశాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు.

మట్టి తవ్వడానికి... ఇస్త్రీ చొక్కా.

ఎదురింటి కసిల్దా అన్నీ చూస్తుంది. చూడ్డమే ఆమె వ్యవసాయం. అంపారో గుమ్మం ఊడుస్తుంటే అటునుంచే అందుకుంది.

"ఏమే అంపారో, మీ ఆయన భుజానికి ఏ మందు రాశావే? మా ఆయన మోకాళ్లకి కూడా కాస్త ఇప్పించు."

"డెన్మార్క్ మందు అక్కా. ఇక్కడ దొరకదు."

"దొరుకుతున్నట్టే ఉంది. పక్క గుమ్మంలోనే."

అంపారో నవ్వింది. చీపురు పుల్లలు రెండు విరిగాయి.

టక్... టక్... టక్.

పద్నాలుగేళ్ల కిందట తనూ ఒక గది అడిగింది. పెద్దదేం కాదు. కుట్టుమిషను పట్టేంత, ఒక కుర్చీ పట్టేంత. వెనక గోడకు అవతల. ఎలాదియో వచ్చి చెవి ఆనించి, వేలి కణుపుతో తట్టి, తల అడ్డంగా ఊపాడు. అక్కడ కొండ మెత్తన, కూలుతుంది అన్నాడు. ఆమె నమ్మింది. కొండ సంగతి ఆయనకు తెలిసినంత ఎవరికి తెలుసు? కుట్టుమిషను ఇప్పటికీ వంటింట్లో ఉల్లిపాయల బుట్ట పక్కనే ఉంది.

ఇప్పుడాయన తవ్వుతున్నది ఆ గోడకు అవతలే.

అదే కొండ. ఇటువైపు మెత్తన, అటువైపు గట్టి.

ఈర్ష్య అని దాని పేరు అంపారోకు తెలుసు. పేరు తెలిసినంత మాత్రాన తగ్గదు. అది కడుపులో ఉండదు, చెవిలో ఉంటుంది. చెవిలో ఉండి ప్రతి దెబ్బకూ లేస్తుంది. ఆయన ఆగితే, ఇప్పుడు ఆమె కాఫీ తెచ్చి ఉంటుంది. ఆయన దగ్గితే, ఇప్పుడు ఆమె నీళ్లందించి ఉంటుంది. ఆయన నవ్వితే — గోడలోంచి నవ్వు వినబడదు. కానీ నవ్వి ఉంటాడు. ఇంట్లో మాత్రం ఏ నాడు నవ్వాడని... నవ్వితే అరిగిపోతాడేమో.

ఏప్రిల్ మొదట్లో గది అయిపోయింది. అప్పుడే కసిల్దా పరుగున వచ్చింది. మోచేతుల దాకా పిండి, కడుక్కోలేదు కూడా.

"విన్నావా? వెల్ల వద్దందట."

"ఎవరు?"

"నీ డెన్మార్క్ మందు. వెల్ల వెయ్యను, మట్టి గోడ అట్లాగే ఉంచుతానందట. మా మామగారి మేకల కొట్టం కూడా దానికంటే తెల్లగా ఉండేది. ఇంత దూరం వచ్చి మేకల పాక కొనుక్కుంది, పాపం."

ఆ రోజు అంపారో కడుపునిండా తింది. రెండోసారి వడ్డించుకుంది కూడా. వెల్ల వేయని గదిలో మనుషులుంటారా? తేళ్లుంటాయి. మేకలుంటాయి.

ఎలాదియో మెల్లగా రొట్టె తుంచుతున్నాడు.

"వెల్ల వద్దంది," అన్నాడు.

"విన్నాను. తెలివి తక్కువది."

"దెబ్బలు కనబడాలంది."

"ఏ దెబ్బలు?"

ఆయన కాసేపు తన చేతులకేసి చూసుకున్నాడు. వాటిని ఇప్పుడే ఎవరో తెచ్చి ఇచ్చినట్టు చూసుకున్నాడు.

"నావి," అన్నాడు.

అంపారో గిన్నెలు తీసేసింది. ఆయన ఇంకా తింటూనే ఉన్నాడని తరువాత గుర్తొచ్చింది.

పండుగ ముందు శుక్రవారం. మారెన్ సంతకు వెళ్తూ తాళంచెవి తెచ్చి అంపారో చేతిలో పెట్టింది. ఇక్కడ అందరూ అంతే, ఊరు దాటితే తాళంచెవి పక్కింట్లో ఇస్తారు. ఎవరో చెప్పి ఉంటారు. ఎవరో ఏమిటి... ఆయనే చెప్పి ఉంటాడు.

"నువ్వు మంచి," అంది మారెన్, వచ్చీరాని మాటల్లో. "నా పక్క ఇల్లు, మంచి."

అంపారో తాళంచెవి ఏప్రన్ జేబులో వేసుకుంది. అది తొడకు తగులుతూనే ఉంది. గిన్నెలు తోముతుంటే తగిలింది. మెట్టు కడుగుతుంటే తగిలింది.

వంటింటి మూల కుండలో సున్నం ఊరుతోంది. ఇరవై రోజులు ఊరిన సున్నం, వెన్నలా ఉంది. ఎవరో పొగగొట్టం చూడమంటే ఎలాదియో కింది వీధికి వెళ్లాడు.

బకెట్లోకి తోడింది. కుంచె తీసుకుంది.

వాడ పరువు కోసం అనుకుంది. పండుగనాడు నలుగురూ వచ్చి చూస్తారు, మట్టిగోడ చూసి నవ్వుతారు, పాపం ఒంటరి మనిషి అనుకుంది. సాయమే కదా అనుకుంది. ఇన్ని అనుకుంటూ తాళం తీసింది.

ముందు గది దాటింది. నడిమి గది దాటింది.

వెనక గది.

పొద్దున పదింటికి ఎండ గుమ్మంలోంచి బయల్దేరి, రెండు గదులు దాటి, ఆ గోడ మీద అడ్డంగా పడుతుంది. ఆ ఒక్క గంటే. ఆ గంటలోనే వచ్చింది అంపారో.

దెబ్బలు.

వేలకు వేలు. ఒక వరస ఎడమకు వాలి, ఒక వరస కుడికి వాలి, మధ్యలో సన్నటి వెన్ను. గోధుమ కంకి. దాని పక్కన ఇంకో కంకి. నేలనుంచి కప్పు దాకా గోడ నిండా కోతకొచ్చిన గోధుమలు, ఎండలో. ఒక్క దెబ్బ తప్పలేదు. ఒక్కటి లోతు ఎక్కువ కాలేదు. నొప్పి భుజంతో, అరవై ఏడేళ్ల వయసులో.

ఎంత బాగుంది.

ఎంత బాగుందో అంత కోపం వచ్చింది. నాకు తవ్వనివాడు. నాకు కొండ మెత్తన అన్నవాడు. దీనికి పంట పండించి పెట్టాడు.

కుంచె ముంచింది. భుజం ఎత్తు నుంచి కిందికి ఒక్క లాగు లాగింది.

తెల్లటి చార. ఆరు కంకులు మాయమయ్యాయి.

సున్నం తడికి పొడి మట్టి బుస్సుమంది.

రెండోసారి కుంచె ముంచుతుంటే వెనక అడుగులు వినబడ్డాయి. తిరగలేదు. ఆ అడుగులు ఆమెకు తెలుసు.

"అడిగితే నేనే కలిపి ఇచ్చేవాణ్ణి కదా," అన్నాడు ఎలాదియో. "ఎప్పుడూ ఇచ్చేవాణ్ణే."

అరిచి ఉంటే బాగుండేది. అరిస్తే తనూ అరిచేది. పద్నాలుగేళ్ల గది బయటికొచ్చేది, దాల్చినచెక్క బయటికొచ్చేది. ఆయన అరవలేదు. వచ్చి పక్కన నిలబడ్డాడు. తడి చార వైపు చూస్తున్నాడు.

"ఈ పనితనం నాకెప్పుడూ చూపించలేదే నువ్వు," అంది అంపారో.

"చూపించాను."

"ఎప్పుడు?"

"మన పడగ్గది. ఎనిమిది నెలలు తవ్వాను. గోడలు నాలుగూ ఇదే. పెళ్లికి ముందు రోజు దాకా తవ్వాను." ఆయన మెడ గోక్కున్నాడు. "మూడో రోజు నువ్వు వెల్ల వేశావు."

అంపారో చేతిలో కుంచె కారుతోంది. కాలి మీద పడుతోంది.

గుర్తుంది. అయ్యో, గుర్తుంది. ఇరవై ఒక్క ఏళ్ల పెళ్లికూతురు. పమిటలాంటి తెల్ల గుడ్డ తలకు చుట్టుకుని, అమ్మ ఇచ్చిన కొత్త కుంచె పట్టుకుని. ఈయన గోడలు నున్నగా చేయలేదే, గరుకుగా వదిలేశాడే, పోనీలే నేను సర్దుకుంటాను అనుకుంది. మూడు పూతలు వేసింది. చెమటలు కక్కింది. మామగారు చూసి, ఇల్లు వెలిగిందమ్మా అన్నాడు. ఎంత గర్వపడింది...

"నీళ్లు నువ్వే మోసుకొచ్చావు," అంది.

"మోశాను."

"ఒక్క మాట చెప్పకూడదూ?"

"ఏమని చెప్పను? పెళ్లికూతురివి. అంత సంబరంగా వేస్తుంటే." గోడకేసే చూస్తున్నాడు. "తరువాత ప్రతి ఏడూ వేశావు. ఇంకో గది తవ్వితే దానికీ వేస్తావు. కొండ మెత్తన అనేశాను."

అంపారో ఆయన్ని కొట్టాలనుకుంది. పట్టుకోవాలనుకుంది. రెండూ చేయలేదు.

గుమ్మం దగ్గర సంచుల చప్పుడైంది. బస్సు తొందరగా వచ్చినట్టుంది. మారెన్ లోపలికొచ్చి, బకెట్ చూసి, కుంచె చూసి, గోడ మీద తెల్ల చార చూసింది. మొహం పాలిపోయింది.

ఎలాదియో గొంతు సవరించుకున్నాడు.

"ఇది మా ఆచారం అమ్మా. కొత్త గదికి పక్కింటి ఇల్లాలు ఒక గీత గీస్తుంది. ఒక్కటే. చల్లగా ఉండాలని."

అలాంటి ఆచారం ఈ కొండ మీద ఏ కాలంలోనూ లేదు. ఆయన మొహం చూస్తే మాత్రం వెయ్యేళ్లుగా ఉన్నట్టుంది.

మారెన్ సంచులు కింద పెట్టేసింది. అంపారో రెండు చేతులూ, సున్నంతో సహా, తన చేతుల్లోకి తీసుకుంది. కళ్లు తడి అయ్యాయి.

"నేను ఇది తుడవను," అంది. "ఎప్పుడూ."

అంతకంటే చెంపదెబ్బ నయం. దొంగతనంగా వచ్చినదానికి దీవెన కూడా దక్కింది. అంపారో తల ఊపింది. ఇంకేం చేస్తుంది. ఆ తెరిచిన మనసు కూడా తనకు లేదే అని ఇంకో ఈర్ష్య, పాతదాని పక్కనే వచ్చి కూర్చుంది.

వెళ్లబోతుంటే మారెన్ ఆయనతో అంది — చిన్న గది, ఇంకొకటి. ఇదే చేతితో. సోమవారం?

"సోమవారం," అన్నాడు ఎలాదియో.

ఆయన అంపారో వైపు చూడలేదు. చూసి ఉంటే ఏమనేదో ఆమెకు కూడా తెలియదు.

శని, ఆదివారాలు కొండంతా తెల్లబడింది. కసిల్దా నిచ్చెనెక్కి పొగగొట్టానికి కూడా వేసింది.

"నీ గుమ్మం ఇంకా నల్లగానే ఉందేమే? జబ్బా?"

"వేస్తాలే అక్కా."

వేయలేదు. నలభై ఒక్క ఏళ్లలో మొదటిసారి కుంచె పొడిగా ఉంది.

సోమవారం పొద్దున ఆయన పికాసు తీసుకుని వెళ్లాడు. ఇస్త్రీ చొక్కా.

అంపారో పడగ్గది తలుపు తీసింది. మంచం ఈడ్చింది. నాలుగు గోడలు తెల్లగా, బొద్దుగా, మూలల్లో గుండ్రంగా ఉన్నాయి. నలభై ఏళ్ల పూతలు, వేలంత మందం. అరచేయి ఆనించింది. చల్లగా, నున్నగా... ఏమీ తగలలేదు.

ఆవిడకున్నది తనకీ కావాలి. ఆవిడకంటే ముందు తనకే ఉండినది కావాలి.

ఉల్లిపాయలు తరిగే చాకు తెచ్చింది. పూతల మధ్య చిన్న బీట చూసి మొన దించింది. తిప్పింది. పొరలు పొరలుగా విరిగాయి, ఒక్కో పొరా ఒక్కో మే నెల. చాకు లోతుకు పోయింది. చేతి వెడల్పు పెచ్చు ఒకటి, బరువుగా, మట్టితో సహా ఊడి ఒళ్లో పడింది.

గోడ వైపు చూసింది. అక్కడ పొడి మట్టి, గుంట. కంకి లేదు.

చేతిలో పెచ్చు తిరగేసింది. మట్టి దులిపింది.

ఉంది. సున్నం వెనకవైపు అచ్చులా పడి ఉంది. లోపలికి ఉండాల్సిన గీతలు పైకి ఉబ్బి ఉన్నాయి. ఎడమకు వాలినవి కుడికి వాలి ఉన్నాయి. మూడు గింజలు, సగం వెన్ను. కుర్రవాడి చేయి, ఇంకా తొందర తగ్గని చేయి. పక్క గదిలో ఉన్నంత నేర్పు లేదు. ఒక దెబ్బ తప్పింది కూడా.

తప్పిన దెబ్బను బొటనవేలితో తడిమింది. మళ్లీ తడిమింది.

ఇంకొకటి కావాలంటే ఇంకో చోట గోడ కూల్చాలి. మొత్తం చూడాలంటే మొత్తం కూల్చాలి.

చాకు ఎత్తింది.

టక్... టక్... టక్.

ఒక ఊపిరి.

టక్... టక్...

మూడోది రాలేదు.

గోడకు అవతల ఆయన వింటున్నాడు. పాత సున్నం ఊడే చప్పుడు ఆయనకు తెలియకపోవడమేమిటి? అంపారో ఊపిరి బిగపట్టింది. పికాసు మళ్లీ మొదలవుతుందేమో, లేక అడుగులు ఇటు వస్తాయేమో అని చూసింది. ఏదీ కాలేదు. కొండ లోపల ఇద్దరూ, మధ్యలో ఆ గోడ.

రెండో చోట చాకు మొన ఆనించి, మూడో దెబ్బ తనే కొట్టింది.