ఆఖరి డాలు చీటీ

ఆగండాగండి, పాచికలు అప్పుడే చేతిలోకి తీసుకోకండి. ముందు ఇది వినండి, విన్నాక మీ ఇష్టం.

ఇది చిట్టి సంగతి. చిట్టి అంటే చిన్నపిల్ల కాదు, ముప్ఫై దాటింది, ఇంట్లో అందరికంటే ఆఖర్న పుట్టింది కాబట్టి ఆ పేరు జిగురులా అతుక్కుపోయింది. కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబులో పని. డాక్టర్లు పంపిన అచ్చుల్లో ప్లాస్టర్ పోస్తుంది, మైనంతో చిగుళ్ళు చెక్కుతుంది, పదహారు రంగుల పళ్ళున్న పట్టీని వెలుతురుకి పెట్టి చూసి, మన నోట్లో పక్కనున్న అసలు పన్ను ఏ మేరకు పసుపెక్కిందో సరిగ్గా ఆ మేరకే కొత్తదానికీ రంగేస్తుంది. అసలు పంటి అంచు కాస్త విరిగుంటే కొత్తదాని అంచు కూడా అంతే విరుస్తుంది. ఒకసారి ఓ డాక్టరమ్మ ఫోన్ చేసి, "ఇంతకీ ఇందులో నువ్వు చేసిందేదమ్మా, పాలిష్ పెడదామంటే గుర్తుపట్టలేకపోతున్నా" అంది. అంత పనిమంతురాలు.

ఆదివారం మధ్యాహ్నాలు మాత్రం చిట్టి సూత్రధారి. బల్ల చుట్టూ కూర్చుని ఆడే సాహసాల ఆట ఉంది కదా, ఒకరు కథ నడుపుతుంటే మిగతావాళ్ళు తలా ఓ పాత్రయి గుహల్లోకీ కోటల్లోకీ పోతుంటారు, చేసిన పని ఫలించిందా బెడిసిందా అన్నది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. ఆ ఆట. ఆరేళ్ళుగా అన్నయ్య వాళ్ళింట్లోనే, భోజనాల బల్ల మీదే. ఆ బల్లకి ఓ కాలు పొట్టి, కింద మడతపెట్టిన అట్టముక్క. ఫ్రిజ్ పక్క కుర్చీ అన్నయ్యది, అంగరక్షకుడి పాత్ర. ఎదురుగా వదిన, వైద్యురాలు. ఆ పక్కన లిఫ్టులు బాగుచేసే బాబాయి, ఆటలో దొంగ. ఇంకో పక్క లాయరు, ఆటలో మంత్రగాడు. ఈ లాయరు నిజం లాయరేం కాదండోయ్, మందుల షాపు నడుపుకునే మనిషి, అన్నయ్యకి చిన్నప్పటి స్నేహితుడు. నిబంధనల పుస్తకం పట్టుకుని ప్రతిదానికీ వాదిస్తాడని ఆ బిరుదిచ్చారు.

నాలుగు నెలల క్రితం ఓ మంగళవారం ఆఫీసు మెట్ల మీద అన్నయ్య కూలిపోయాడు. ఆస్పత్రికి వెళ్ళేసరికే అయిపోయింది.

అప్పట్నుంచీ చిట్టికి ఏమీ అనిపించడం లేదు. పన్ను పీకేముందు సూదిమందిస్తే పెదవి మనది కానట్టు ఎక్కడో వేలాడుతుంటుందే, అలా మనిషికి మనిషే. కళ్ళమ్మట చుక్క నీరు రాలేదు. వచ్చిన చుట్టాలు గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ "రాయే తల్లీ ఇది" అని గుసగుసలాడుకుంటే వినపడింది, అది కూడా పక్కింటి రేడియో విన్నట్టే ఉంది. ఐదో రోజున ల్యాబుకి వెళ్ళింది. ఎవరిదో ముందు పన్ను చేసింది. బాగా వచ్చింది.

రెండు నెలలయ్యాక వదినే ఫోన్ చేసింది. "ఆదివారం రండే. ఆ ఖాళీ కుర్చీల మధ్య ఒక్కదాన్నీ అన్నం తినలేకపోతున్నా." వెళ్ళారు. మరి అంగరక్షకుణ్ణి ఏం చెయ్యాలన్న మాట ఎవరూ ఎత్తలేదు. ఈ బల్లకి ముందునుంచీ ఓ పద్ధతుంది, ఎవరైనా రాకపోతే వాళ్ళ పాత్ర కాగితం వాళ్ళ చోటే పెడతారు, పక్కనున్నవాళ్ళు పాచిక వేస్తారు. అలాగే అన్నయ్య కాగితాన్ని ఉప్పు సీసాకి ఆనించి నిలబెట్టారు, పాచిక లాయరు వేస్తున్నాడు. జ్వరమొచ్చి రానివాడికి వేసినట్టే.

పోయిన ఆదివారం తాడు వంతెన దాటుతున్నారు. కింద లోయ, లోయలో పొగమంచు. దొంగ దాటాడు, మంత్రగాడు దాటాడు. వెనక వైద్యురాలు, ఆమె నడుముకి కట్టిన తాడుకి మూటలు మోసే గాడిద, దాని వెనక అంగరక్షకుడు. ఆ గాడిద పేరు దొరగారు. మర్యాదగా పిలిస్తే తప్ప కదలదని అన్నయ్య పెట్టిన పేరు.

వదిన పాచిక వేసింది. అది దొర్లి దొర్లి ఉప్పు సీసాకి తగిలి ఆగింది. ఒకటి.

"ఒకటా!" అన్నాడు బాబాయి. "ఎంత పాడు చెయ్యే తల్లీ నీది!"

చిట్టి ల్యాబులో ఫోన్ ఎత్తినప్పటి గొంతుతోనే చెప్పింది. "పట్టుకున్న వంతెన తాడు తెగింది. వైద్యురాలు పడిపోయింది, నడుము తాడుతో పాటు దొరగారు కూడా. కింద రాళ్ళు. బతికే దారి లేదు."

బాబాయి వంగి పాచికని ఇంకోసారి చూశాడు, ఒకటే. ఫ్రిజ్ గుర్రుమంటోంది.

"ఆఖరి డాలు ఉంది కదా" అంది వదిన.

ఆఖరి డాలు అంటే అంగరక్షకుడికి మాత్రమే ఉండే శక్తి. ఆట మొదట్లోనే అతను ఒక్క తోడు పేరు చీటీ మీద రాసి, మడిచి సూత్రధారికిస్తాడు. ఆ పేరు గలవాళ్ళ ప్రాణం పోయే క్షణంలో అంగరక్షకుడు అడ్డం పడి ఆ చావు తాను తీసుకుంటాడు. మొత్తం ఆటలో ఒక్కసారే. ఆ తర్వాత అతని పాత్ర కాగితం చింపేస్తారు.

లాయరు అప్పటికే పుస్తకం తిరగేస్తున్నాడు. "ఉంది చెల్లెమ్మా, కాదనను. కానీ ఇక్కడే చిక్కు. నలభయ్యో పేజీలో ఏం రాశాడూ, తోడు పడిపోతే అంగరక్షకుడు అడ్డం పడతాడు అని. నూట పదమూడులో ఉదాహరణ చూడు, అందులో అంగరక్షకుడు నేనిప్పుడు అడ్డం పడను పొమ్మంటాడు, తోడు చచ్చిపోతాడు. అంటే ఏంటి? దానంతటదే జరగదన్నమాట. ఆడే మనిషి ఒప్పుకోవాలి, నోటితో చెప్పాలి."

"నోరుంటే చెప్పడా వాడు?" అనేశాడు బాబాయి. అనేసి గ్లాసులో నీళ్ళు తాగాడు. గ్లాసులో నీళ్ళు లేవు.

"అది కాదు బాబాయ్..."

"ఏది కాదురా? ఉదాహరణ ఉదాహరణే, నిబంధన నిబంధనే. లిఫ్టు మీద నలుగురికే అని రాసుంటుంది, పక్కన బొమ్మలో ఐదుగురుంటారు. ఐదుగుర్ని ఎక్కిస్తానా నేను?"

"బొమ్మ గీసింది కూడా ఆ కంపెనీ వాడే కదా బాబాయ్, వాడికి తెలీదా?"

"వాడికి తెలిస్తే నాకు పనెందుకుంటుందిరా!"

వదిన నవ్వలేదు. "అన్నయ్యగారూ, మీరు పాచిక వేస్తున్నారు కదా ఆయన తరఫున. ఒప్పుకున్నానని మీరే చెప్పెయ్యండి."

లాయరు పుస్తకం మూసి, వేలు మాత్రం లోపలే ఉంచుకున్నాడు. "పాచికంటే వేస్తా తల్లీ. వాడి చావు నేనెలా ఒప్పుకోను? ఆ కాగితం నాచేత చింపించొద్దు."

చిట్టి బల్ల మీదున్న తీర్పుల నోటు పుస్తకం తన వైపుకి లాక్కుంది. అది కూడా ఈ బల్ల పద్ధతే. నిబంధన అర్థం కాకపోతే ఎవరో ఒకరు అడుగుతారు, సూత్రధారి తేలుస్తుంది, అడిగినవాళ్ళే తమ చేత్తో అందులో రాస్తారు. ఒకసారి రాశాక తిరుగులేదు. ఆరేళ్ళ తీర్పులు. దెయ్యానికి చలి వెయ్యదు. నిద్రలో దొంగతనం చెల్లదు. గాడిద కూడా తోడే. ఎగిరే దుప్పటి మీద ఇద్దరికి మించి కూర్చోరాదు, బాబాయి ఒక్కడైతే ఇద్దరి లెక్క. ఆఖరి డాలు గురించి మాత్రం ఎక్కడా లేదు, ఆరేళ్ళలో ఆ అవసరమే రాలేదు.

"చిట్టీ" అంది వదిన. "ఆ పొద్దున మాకు మాటల్లేవు. గీజర్ స్విచ్ ఆపలేదని నేనే నోరు పారేసుకున్నా. వెళ్తున్నానని కూడా చెప్పకుండా వెళ్ళిపోయాడు. ఇంట్లో ఆయన రాసిన ముక్కలన్నీ చదివేశానే, కూరల లిస్టుతో సహా. చదవనిది ఆ చీటీ ఒక్కటే. అందులో నా పేరుంది. నాకు తెలుసు. నీ దగ్గర్నుంచి నాకు కావాల్సింది అదొక్కటే, దానంతటదే జరుగుతుందని చెప్పు."

బాబాయి మేజోళ్ళు సర్దుకున్నాడు. లాయరు చిట్టి ముఖంలోకి చూశాడు.

చిట్టి తన లోపల వెతుక్కుంది, ఏదైనా తగులుతుందేమోనని. ఏమీ తగల్లేదు. అందుకని రంగుల పట్టీ చూసి పన్ను ఎంచినట్టు రెండు పేజీలూ పక్కపక్కన పెట్టి చూసింది, ఒకటి ఎంచింది. "నిబంధనే చెల్లుతుంది. ఆడే మనిషి ఒప్పుకోవడంతో పనిలేదు, రాసిచ్చిన రోజే ఒప్పుకున్నట్టు. చీటీలో ఎవరి పేరుంటే వాళ్ళు బతుకుతారు. వదినా, అడిగింది నువ్వు, రాయి."

వదిన రాసింది. ఒక్క అక్షరం గీత దాటింది.

చీటీని మొదట సూత్రధారి ఒక్కతే విప్పి చూసుకోవాలని నిబంధన, తర్వాత అది బల్ల చుట్టూ చేతులు మారుతుంది, అందరూ చూస్తారు. చిట్టి తన బిస్కట్ల డబ్బా పట్టుకుని వంటింట్లోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసింది. డబ్బాలో పాచికలు, పెన్సిళ్ళు, ఓ పెన్ను, ఖాళీ చీటీల కట్ట, అడుగున నాలుగు మడతల ఆ చీటీ. ఇక్కడో తప్పు ఒప్పుకోవాలి. చీటీ తీసుకున్న రోజే సూత్రధారి చదవాలని పుస్తకంలో ఉంది. చిట్టి చదవలేదు. ఆరోజు అన్నయ్య కన్నుకొట్టి, "ఇప్పుడే చదవకే, అవసరమొచ్చినప్పుడు చూడు, నవ్వుకుంటావ్" అన్నాడు. సరేలే అని డబ్బాలో పడేసింది. అందరికీ తెలిసిన పేరే కదా, ఎవరిదుంటుంది ఇంకా!

గ్యాసు పొయ్యి పక్కన నిలబడి విప్పింది.

దొరగారు, అని ఉంది. కింద చిన్న అక్షరాలతో, పాపం దానికెవరున్నారు, అని.

చిట్టి మళ్ళీ మడిచింది, మళ్ళీ విప్పింది. అదే ఉంది. అప్పుడు గుర్తొచ్చింది, ఆట మొదలైన రెండో వారమే అన్నయ్య వేలెత్తి స్కూలు పిల్లాడిలా అడిగాడు, "సూత్రధారి గారూ, గాడిద కూడా తోడే కదండీ?" అని. అందరూ పడీ పడీ నవ్వుతుంటే తనే అంది, తోడే, రాసుకో అని. ఆ ముక్క ఆ నోటు పుస్తకంలో అన్నయ్య చేతిరాతతోనే ఉంది. వైద్యురాలితో పాటు దొరగార్ని లోయలో పడేసింది కూడా తనే, ఇప్పుడే, అందరి ముందూ. చీటీ చూపిస్తే అంగరక్షకుడు చచ్చి గాడిద బతుకుతుంది. వైద్యురాలు పోతుంది. వదిన ఆ ఒక్క కాగితం ముక్కా చదువుకుంటుంది.

లేదా ఖాళీ చీటీల కట్ట ఉంది. అదే కాగితం, అప్పుడు కొన్నదే, అంచులు అంతే పసుపెక్కాయి. పెన్ను ఉంది. అన్నయ్య చేతిరాత చిట్టికి చిన్నప్పట్నుంచీ తెలుసు, సెలవు చీటీల మీద నాన్న సంతకం ఇద్దరూ కలిసే నేర్చుకున్నారు. అసలు పన్ను ఏదో కట్టినది ఏదో డాక్టర్లకే తెలియకుండా చేసే చెయ్యి ఇది. వైద్యురాలు, అని ఐదక్షరాలు లేవు. నిమిషం పట్టదు. అదీ బల్ల చుట్టూ తిరుగుతుంది. లాయరు కళ్ళద్దాలు పైకి నెట్టుకుని చూస్తాడు, బాబాయి చూసి ముక్కు చీదుకుంటాడు. వదిన దాన్ని పర్సులో పెట్టుకుని, బతికినన్నాళ్ళూ తీసి చూసుకుంటుంది.

కానీ అప్పుడు, పాపం దానికెవరున్నారు అన్న మనిషి ఎక్కడికి పోతాడు? ఆ చీటీని చిట్టి ఏ డబ్బాలో దాస్తుంది?

కింది పెదవి చివర సన్నగా చీమలు పాకినట్టయింది. మత్తు దిగేటప్పుడు మొదట అక్కడే తెలుస్తుందని రోగులు చెబుతారట, ల్యాబులో విన్నది. నవ్వొస్తోందో ఇంకేదో వస్తోందో చిట్టికి తెలియలేదు. గట్టు పట్టుకుని నిలబడింది. పెన్ను మూత తీసి ఉంది. ఎప్పుడు తీసిందో గుర్తు లేదు.

"చిట్టీ!" వదిన గొంతు, తలుపుకి బాగా దగ్గర్నుంచి. "దొరికిందా? ఏం రాశాడే?"

రెండు చీటీలు. ఒకదాని మీద గాడిద, ఇంకోటి ఖాళీ. చెప్పండి మరి, మీరైతే ఏ చీటీ పట్టుకుని ఆ తలుపు తీస్తారు?