బ్రేకులమ్మ కూతురు

ఆ ఊళ్ళో సగంమంది చేత స్టీరింగు పట్టించింది బ్రేకులమ్మే. ఆవిడకి వేరే పేరుంది గానీ, దానితో పిలిస్తే ఆవిడే వెనక్కి తిరిగి చూసేది కాదు. డ్రైవింగు స్కూలంటే ఒక గది, ఒక బల్ల, ఒక పాత తెల్ల కారు. అంతే ఆస్తి. ఆ కారులో పక్క సీటు కింద కూడా ఒక బ్రేకు ఉండేది. నేర్చుకునేవాడు బెదిరిపోయి చేతులెత్తేస్తే ఆవిడ దాన్ని తొక్కి బండి ఆపేది. ఆపి ఊరుకుంటే ఆవిడ బ్రేకులమ్మ ఎందుకవుతుంది?

“క్లచ్చు మీద కాలేసి కునుకు తీయకు నాయనా, అది నీ మంచం కోడు కాదు!”

“అద్దం పెట్టింది నీ అందం చూసుకోడానికి కాదమ్మా, వెనకొచ్చేవాడి బుద్ధి చూడ్డానికి!”

తిట్లు తిన్నవాళ్ళే మర్నాడు చెల్లెల్నో మరదల్నో వెంటబెట్టుకొచ్చి చేర్పించేవాళ్ళు. ఆవిడ నోరు చెడ్డది గానీ చెయ్యి మంచిదని పేరు.

అంత మనిషీ ఒక మధ్యాహ్నం పాఠం ముగించుకొచ్చి, బల్ల మీద తలవాల్చి, మరి ఎత్తలేదు. ఇప్పుడు స్కూలును ఆవిడ శిష్యురాలే తీసుకుంటోంది. ఇన్నాళ్ళూ ఇంటింటికీ పాలు వేసే వ్యాను నడిపిన మనిషి కాబట్టి అందరూ పాలవ్యాను ఆవిడ అంటారు. కారు ఆవిడ ఇంటికి చేరాల్సిన రోజు పొద్దున్నే బ్రేకులమ్మ కూతురు దిగింది.

“నేను తీసుకెళ్ళి ఇస్తాను,” అంది.

“నీకెందుకే ఈ చాదస్తం? ఆవిడే వచ్చి తీసుకెళ్తుందిగా,” అన్నాడు అన్న.

“ఒక్కసారి, అన్నయ్యా. ఊరంతా నడిపిన బండి. నేనొక్కదాన్నే నడపలేదు.”

అన్న తాళం చెవి ఆమె చేతిలో పెట్టాడు.

ఎందుకు నడపలేదో అతనికి తెలుసు. కాలేజీ రోజుల్లో స్నేహితురాళ్ళు అమ్మ దగ్గర నేర్చుకుని, మర్నాడు క్యాంటీన్లో అచ్చం అమ్మ గొంతుతో ఆ తిట్లన్నీ అప్పజెప్పేవాళ్ళు. బల్లలు చరిచి నవ్వేవాళ్ళు. కూతురికి తల కొట్టేసినట్టుండేది. ఊరి ఆ చివర బట్టతలాయన నడిపే ఇంకో స్కూల్లో గుట్టుగా చేరి, లైసెన్సు చేతికొచ్చాకే ఇంట్లో చూపించింది. అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. “ఫొటో బాగా పడింది,” అంది. అంతే.

కానీ కూతుర్ని ఇప్పుడు తొలుస్తున్నది అది కాదు, ఆ తర్వాతది. మందుల దుకాణం పెట్టి నాలుగు డబ్బులు వెనకేసుకున్నాక సొంత కారు కొంది. మొదటిరోజే అమ్మని ముందు సీట్లో కూర్చోబెట్టుకుని తిప్పింది. దారి పొడుగునా అమ్మ కాలు లేని బ్రేకును తొక్కుతూనే ఉంది. సందు వస్తే తొక్కుడు, కుక్క అడ్డొస్తే తొక్కుడు.

“అక్కడ బ్రేకు లేదమ్మా!”

“అలవాటే పిల్లా. నేనాగమన్నా కాలాగదు.”

“అయితే వెనక కూర్చో. నువ్వలా తొక్కుతుంటే నాకు బండి రాదని పదిమందికీ టముకు వేసినట్టుంది.”

మరుసటిసారి అమ్మ తనే వెనక తలుపు తీసుకుని ఎక్కింది. ఇక ఎప్పుడెక్కినా వెనకే. నిద్రలో కూడా నోరు మూయని మనిషి, కిటికీకి తలానించి, కళ్ళు మూసుకుని, దిగేదాకా మాట్లాడేది కాదు. ఏంటమ్మా అంటే, “నువ్వు రోడ్డు చూసుకో,” అనేది. అలిగిందనుకుంది కూతురు. అలిగితే అలగనీ, నేనూ ఆ కడుపున పుట్టినదాన్నే అనుకుని పాటలు గట్టిగా పెట్టేది. అలా ఏళ్ళు గడిచాయి. అమ్మ ఆ అలకతోనే పోయిందా? అడుగుదామంటే మనిషి లేదు. ఆ మనిషి మనసు తెలిసినవాళ్ళెవరైనా మిగిలారంటే పాలవ్యాను ఆవిడే.

ఆవిడ బండి కోసం వీళ్ళ వాకిట్లోకే వచ్చి, సంగతి విని, పక్క సీట్లో కూర్చుంది. “పోనీండి అక్కా. మా వీధిదాకా మీరే.”

గేరు మొండి గేదెలా మొరాయించింది. రెండోసారికి దారికొచ్చింది. బండి పెద్దరోడ్డెక్కాక కూతురు మెల్లిగా కదిపింది.

“అమ్మ నా గురించి ఏమైనా అనేదా?”

“అనకపోవడమేంటి! మా అమ్మాయి దగ్గితే చాలు, ఏ మందో చెప్పేస్తుందని ఎంతమందితో అనేదో.”

“అది కాదు. నా బండిలో ఇన్నేళ్ళు మూతి ముడుచుకుని వెనక కూర్చుంది కదా. ఆ కోపం గురించి.”

పాలవ్యాను ఆవిడ ఇటు తిరిగింది. “కోపమేంటక్కా? వెనక కూర్చుంటే అమ్మకి కడుపులో తిప్పుతుంది కదా.”

“ఏంటీ?”

“ముందు సీట్లో అయితే దేశం చుట్టొస్తుంది. వెనక ఎక్కితే వీధి మలుపు తిరక్కుండానే వాంతి. మీకు తెలీదా?”

కూతురు తల అడ్డంగా ఊపింది.

“మీతో బయల్దేరేముందు మాత్ర వేసుకునేది. నేనే తెచ్చిచ్చేదాన్ని. అదేంటమ్మా, కూతురికి మందుల దుకాణం పెట్టుకుని నన్ను ఊరవతలికి తిప్పుతారూ అంటే, ‘దాని దగ్గరికెళ్తే ఎవరికని అడుగుతుంది. తెలిస్తే ముందు కూర్చోమంటుంది. ముందు కూర్చుంటే నా కాలు ఊరుకోదు. దాని బండిలో దాని పరువు దానికుండాలి కదే,’ అనేది.”

కిటికీకి ఆనించిన ఆ తల, మూసుకున్న ఆ కళ్ళు కూతురికి ఇప్పుడు వేరేగా కనిపించాయి. రోజూ పదిమందికి అందించే మాత్రలే. వేసుకున్నాక నోరెండుతుంది, మాట్లాడబుద్ధి కాదు అని తనే అందరికీ చెబుతుంది. పైగా పాటలు గట్టిగా పెట్టింది. అలిగి ఉంటే ఎంత బాగుండేది! అలకైతే తప్పు ఇద్దరికీ చెరిసగం అయ్యేది.

మలుపు దాటిపోతోందని అప్పుడు గమనించి, ఏమీ చూసుకోకుండా ఒక్కసారిగా తిప్పేసింది. పక్క సీటు బ్రేకు పడింది. బండి రోడ్డుకు అడ్డంగా ఆగి, ఇంజను చచ్చిపోయింది. నాలుగువైపులా హారన్లు.

“ఏం కాలేదక్కా, ఏం కాలేదు,” అంది పాలవ్యాను ఆవిడ. “బాగానే తిప్పుతున్నారు.”

తిట్టాల్సిన చోట ఆ బాగానే అన్న మాట చెంపదెబ్బలా తగిలింది కూతురికి.

పక్కనే టాక్సీ ఒకటి కీచుమని ఆగింది. జుట్టు నెరిసిన డ్రైవరు కిటికీలోంచి అరిచాడు. “రోడ్డు మీ పెరడనుకున్నావా ఏంటమ్మా? ఎవరు నేర్పారు నీకు బండి?” అంతలో కారు నెత్తినున్న బోర్డు చూశాడు. “బ్రేకులమ్మ బండా ఇది? ఆవిడ నేర్పితే ఇలా తోలతావా? ఆవిడ పరువు తీస్తున్నావు కదమ్మా!”

“కొత్తగా నేర్చుకుంటోంది బాబాయ్, ఇప్పుడిప్పుడే…” అని పాలవ్యాను ఆవిడ సర్దబోయింది.

కూతురు కిటికీ అద్దం పూర్తిగా దించింది. “ఆవిడ నేర్పలేదండీ,” అంది, రోడ్డంతా వినపడేలా. “ఆవిడ తప్పేం లేదు. నేనే ఆవిడ దగ్గరికి వెళ్ళలేదు.”

టాక్సీ ఆయన మెత్తబడ్డాడు. పాపం, ఆవిడ పోయిన సంగతి తెలిసినట్టు లేదు.

“వెళ్ళాల్సిందమ్మా. మా ఇద్దరు పిల్లలకీ ఆవిడే నేర్పింది. తిడుతుందని భయపడకు, మనసు వెన్న. ఇప్పటికైనా వెళ్ళి చేరు తల్లీ.”

“అలాగేనండీ,” అంది కూతురు.